కోటప్ప ఎటు తిరిగి ఉన్నాడు

తమ్ముడు పోయాక పెట్టిన ఆదరణ కూడిక ముగిసింది. అద్దెకు తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలను ఒకదానిలో ఒకటి దోపి ఆటోలోకి ఎక్కిస్తున్నారు. పాస్టరుగారు టీ తాగి వెళ్ళిపోయారు. ఆళ్ళగడ్డలో మా పాత ఇంటి వసారాలో ఒక్కణ్ణే కూర్చుని ఉంటే, తమ్ముడి కూతురు శాంతి వచ్చి లోపలి గదిలోకి రమ్మంది. అక్కడ బల్ల మీద లావుపాటి పాత టీవీ, దాని ముందు బూడిద రంగు వీడియో ఆటల మిషను ఉన్నాయి. మిషను నుంచి తీగతో వేలాడే, మీటలున్న చేతిపలకను శాంతి ఒళ్ళో పెట్టుకుంది.

"నాయన ఆడిన ఆట ఒంటిగా ఆడల్లని చూసినా పెదనాయనా. చేతకాల్య. పది నిముషాలకే తల తిరిగింది" అంది. "కుడికి పొమ్మంటే ఆ ఆటలో మనిషి పోడు, ఉన్న చోటే గిర్రున తిరుగుతాడు. కెమెరా యాడో పైన మూలకు మొల కొట్టి తగిలిచ్చినట్లుంది, మనం తిప్పుకునేకి రాదు. వాడు తలుపు దాటితే ఇంకో మూలకు ఎగురుతుంది. ఎట్లాడినారు మీరిద్దరూ దీన్ని?"

శాంతి ఇక్కడే ఒక బడిలో కంప్యూటరు టీచరు. కాలేజీ రోజుల నుంచీ ఇలాంటి ఆటలు ఆడిన పిల్ల. తనకే చేతకాలేదంటే ఆలోచించాల్సిన మాటే.

"ఇద్దరం కాదమ్మా. ఆడింది మీ నాయన. నేను పక్కన కూర్చుని రాసుకునేవాణ్ణి" అన్నాను. ఆ మాట అన్నాక నాకు వసారాలోకి తిరిగి వెళ్ళి కూర్చోవాలనిపించింది. కూర్చున్నాను కూడా. కానీ ఆ రోజుల గురించి ఎప్పుడో ఒకప్పుడు రాయక తప్పదని అప్పుడే అనుకున్నాను.

నేను నంద్యాలలో విత్తనాల కంపెనీలో చేరిన కొత్త రోజులవి. పరీక్ష గదిలో పని. తడి కాగితం మీద వంద గింజలు పేర్చి, చుట్ట చుట్టి, రోజూ ఒకే వేళకు విప్పి, ఎన్ని మొలిచాయి, ఎన్ని కుళ్ళాయి అని లెక్కపెట్టి రాయడం. చూసింది చూసినట్టు రాయాలి, ఊహించింది రాయకూడదు అని మొదటి రోజే చెప్పారు. అప్పటికే డైరీ రాసే అలవాటున్న నాకు ఆ ఉద్యోగం, తర్వాత దొరికిన అత్తగారింటి కన్నా బాగా కుదిరింది. నంద్యాలలో గది తీసుకుని ఉండేవాణ్ణి. శనివారం సాయంత్రం బస్సెక్కి ఆళ్ళగడ్డ చేరేవాణ్ణి. అప్పటికి నాకు ముప్పై దాటీ దాటలేదు, పెళ్ళి కాలేదు. తమ్ముడు జయపాల్ నాకన్నా ఆరేళ్ళు చిన్న. బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు.

ఆదివారం మా ఇల్లు ఒక పద్ధతిలో నడిచేది. నాయన రిటైరైన బడి పంతులు. తెల్లవారక ముందే లేచి, అద్దం కిటికీకి తగిలించి, గడ్డం గీసుకునేవారు. గీసుకుంటూ కీర్తన పాడేవారు. గడ్డం కింద కత్తి ఆడేటప్పుడు మాత్రం పాట ఆగి, కత్తి పక్కకు తీశాక ఆగిన మాట నుంచే మళ్ళీ మొదలయ్యేది. ట్రంకుపెట్టెలోంచి తీసిన తెల్ల చొక్కాలకు కలరా ఉండల వాసన. గుడి నుంచి వచ్చేసరికి జొన్నరొట్టె, కోడికూర. అన్నం తిన్నాక అమ్మ మంగలంలో శెనక్కాయలు వేయించేది. నాపరాళ్ళ మీద పరచి చల్లార్చిన ఆ కాయలను నాయన ఒలిచి, పప్పు మాకు ఇచ్చి, తొక్కలు చేట అంచున వరుసగా పేర్చేవారు. ఎందుకలా పేర్చేవారో నేను అడగలేదు. బహుశా నా డైరీ అలవాటు అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. జయపాల్ చేతులకు ఎంత కడిగినా వార్నిష్ వాసన పోయేది కాదు. రాగి తీగ చుట్టేటప్పుడు చుట్లు నోటితో లెక్కపెట్టేవాడు కాదు. వేళ్ళే లెక్కపెట్టేవి. పక్కన ఎవరితోనో మాట్లాడుతూ చుట్టినా ఒక్క చుట్టు తేడా వచ్చేది కాదు.

శెనక్కాయలు జేబుల్లో పోసుకుని ఇద్దరం సుబ్బరాయ శెట్టి అంగడికి బయల్దేరేవాళ్ళం. శెట్టి అంతకు ముందు సినిమా క్యాసెట్లు అద్దెకిచ్చేవాడు. అడిగేవాళ్ళు తగ్గిపోతే, ముందు గదిలో రెండు టీవీలు, రెండు ఆటల మిషన్లు పెట్టాడు. చెప్పులు బయట విడవాలి. ఆట మొదలుపెట్టే ముందు శెట్టి మిషన్ల ముందు ఊదుబత్తి వెలిగించి, చేతిపలకలను తడిగుడ్డతో తుడిచి చేతికిచ్చేవాడు. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, ఊదుబత్తి వాసన కలిసి ఆ గదికి ఒక వాసన ఉండేది. ఆడేవాడికి ముందు పీట, చూసేవాళ్ళకు వెనక బెంచీ. పీట మీదకు ఇద్దరు రాకూడదు. నేను బెంచీ మనిషిని.

జయపాల్ ఆడింది ఒకటే ఆట. దాని పేరు ఇప్పటికీ నాకు తెలియదు. డబ్బా మీద, తెర మీద అన్నీ జపాను అక్షరాలే. కోటు వేసుకున్న మనిషి ఒకడు నీళ్ళు నిండిన పాడుపడిన బంగళాలో ఒంటరిగా తిరుగుతుంటాడు. కోటు ఉంది కనుక జయపాల్ వాడికి కోటప్ప అని పేరు పెట్టాడు. బంగళాలో చీకటిగదులు, తాళాలు, నీళ్ళలో కదిలే ఏవో ఆకారాలు. అవి తాకితే కోటప్ప కూలిపోతాడు, ఆట మొదటికి వస్తుంది. వేరే చోట్ల అయితే ఆడినంత మేర దాచుకోవడానికి చిన్న కార్డు ఉండేదట. జయపాల్ ఒకసారి శెట్టిని అడిగాడు.

"మెమరీ కార్డా? అదేందప్పా? ఆట ఆడేకి గ్యాపకం ఎందుకు? గ్యాపకం కావాలంటే మీయన్న రాసుకుంటాండాడు గదా" అన్నాడు శెట్టి.

నిజంగానే ఆ పని నాది. ప్రతి ఆదివారం కోటప్ప వాకిలి దగ్గర నుంచే బయల్దేరాలి. కాబట్టి దారంతా నేను డైరీలో రాసి పెట్టేవాణ్ణి. 'వాకిలి. ఎడమ. ఆరు అడుగులు. గడియారం కింద తాళంచెవి. కుడి. నడవ. నీళ్ళ చప్పుడు వస్తే ఆగాలి. ఎడమ. మెట్లు.' జయపాల్ పీట మీద కూర్చుని "చెప్పన్నా" అనేవాడు. నేను చదివేవాణ్ణి. వాడు నడిపేవాడు. తెరలో కోటప్ప ఒక్కోసారి మనవైపు వస్తూ కనిపిస్తాడు, ఒక్కోసారి వీపు చూపిస్తాడు. ఒక్కోసారి స్తంభం వెనక పడి, అసలు కనిపించడు. చూసే కన్ను ఎప్పుడూ ఇంటికప్పుకు అంటుకున్న బల్లిలా ఒకచోటే ఉంటుంది. అయినా మా జయపాల్ చేతిలో కోటప్ప ఎక్కడా తడబడేవాడు కాదు. "ట్రాలీ కట్టిన ట్రాక్టరు ఎనక్కి పెట్టినట్లేన్నా. చెయ్యి ఒకతట్టుకు, ట్రాలీ ఒకతట్టుకు" అనేవాడు. నాకు ట్రాక్టరూ రాదు, ట్రాలీ రాదు. నా రాత కచ్చితంగా ఉంది కనుక వాడి నడక కచ్చితంగా ఉంది అనుకునేవాణ్ణి.

ఒక ఆదివారం నాయన మమ్మల్ని వెతుక్కుంటూ అంగడికి వచ్చారు. చెప్పులు విడిచి, బెంచీ అంచున కూర్చుని, కాసేపు చూశారు.

"ఏందిరా, ఆ మనిషి గోడకు మొగం పెట్టి నడుస్తాండాడు? గుడ్డోడా?"

"వాడు గుడ్డోడు కాదు నాయనా, కెమెరా గుడ్డిది" అన్నాడు జయపాల్, తల తిప్పకుండా.

"అట్లయితే చూసేటోనికి ఒక ఆట, నడిచేటోనికి ఒక ఆట" అని నాయన లేచి వెళ్ళిపోయారు. మేం నవ్వుకున్నాం.

మేం చేరిన అతి దూరం, రెండో మెట్ల వరుస దాటాక అద్దాల కప్పున్న గది. అక్కడ కెమెరా చూపు నేల మీద నుంచి పైకి ఉంటుంది. కోటప్ప పాదాలు తప్ప ఏమీ కనపడదు. ఏదో వచ్చి తాకుతుంది. రెండుసార్లు అక్కడే కూలిపోయాడు. మూడోసారి కరెంటు పోయింది. ఆ తర్వాత శెట్టి ఆటల గది ఎత్తేసి ఎరువుల అంగడి పెట్టుకున్నాడు. జయపాల్ ఆయన తోట మోటారు బాగుచేసినందుకు ఒక మిషను, ఆ ఆట డిస్కు మా ఇంటికి వచ్చాయి. కొన్ని ఆదివారాలు ఇంట్లో ఆడాం. తర్వాత జయపాల్ పెళ్ళి, నా పెళ్ళి, నాయన మంచం పట్టడం. మిషను అటక ఎక్కింది. అద్దాల గదికి అవతల ఏముందో వాడు చూడలేదు.

జయపాల్ భార్య శాంతి చిన్నప్పుడే పోయింది. కూతుర్ని చదివించుకుంటూ, వైండింగ్ చేసుకుంటూ వాడు ఆ ఇంట్లోనే ఉండిపోయాడు. నేను ఉద్యోగం చాలించుకున్న ఏడాదే వాడికి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట మాత్రం మిగిలింది, కొంచెం వంకరగా. రాగి తీగ చుట్టిన చెయ్యి ఒళ్ళో దిండు మీద ఎవరిదో వస్తువులా పడి ఉండేది. నేను ఆదివారం ఆదివారం వెళ్ళి చూసివచ్చేవాణ్ణి. ఒకసారి ఉన్నట్టుండి అడిగాడు.

"అన్నా, ఆ పుస్తకం ఉందా?"

"యాడికి పోతుంది? ఉంది."

"వచ్చేవారం తెస్తావా? శాంతి మిషను దింపింది. పనిచేస్తాంది. ఆ అద్దాల గది ఏందో చూసి పోతా."

చూసి పోతా అన్న మాట నేను విననట్టు ఊరుకున్నాను. మరుసటి ఆదివారం డైరీ కవర్లో పెట్టుకుని తీసుకుపోయాను. శాంతి టీవీ పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. మనిషిని తిప్పే మీటలన్నీ చేతిపలకకు ఎడమవైపు ఉంటాయి. వాడికి ఆ చెయ్యే లేదు.

"నువ్వు పట్టుకో. నేను చెప్తా" అన్నాడు.

జీవితంలో మొదటిసారి ఆ చేతిపలకను పట్టుకున్నాను. డైరీ తెరిచి మోకాలి మీద పెట్టుకున్నాను. 'ఎడమ' అని ఉంది. ఎడమ నొక్కాను. కోటప్ప ఉన్నచోటే రెండోవైపు తిరిగి గోడకు మొహం పెట్టాడు.

"మీటకు లెక్క నీ ఎడమ కాదన్నా. వాని ఎడమ."

"ఈడ ఎడమ అనే ఉంది."

"అది బెంచీ మీద కూచున్నోని ఎడమ. వాడు మనతట్టు మొగం పెట్టిండాడు సూడు. వాని ఎడమ ఇటు."

"అట్లయితే ఇన్నేండ్లు నేను చదివింది?"

"నువ్వు ఎడమ అంటే, వాడు ఎటు తిరిగిండాడో చూసుకోని నేను మార్చి నొక్కుతాంటి. కొన్నితూర్లు ఎడమకు ఎడమే. కొన్నితూర్లు కుడి."

"అప్పుడే చెప్పొచ్చు గదరా."

సగం నోటితో నవ్వాడు. "నువ్వు రాసింది తప్పంటే ఒప్పుకుంటావా? మళ్ళా నాయన కాడికి పంచాయితీ."

తమాషాకే అన్నాడు. కానీ ముప్పై ఏళ్ళకు దగ్గరగా ఏ ఆఫీసరూ నా రిజిస్టరులో ఒక్క అంకె కొట్టేయలేదు. ఆ మాట నాకు గుచ్చుకుంది. బింకంగా మళ్ళీ ఆడాను. తలుపు దాటగానే చూపు మారిపోతుంది. అప్పటిదాకా మనకు దూరంగా పోయే మనిషి ఒక్కసారిగా మన మీదికి నడిచి వస్తుంటాడు. వేలు మాత్రం పాత వైపునే నొక్కుతూ ఉంటుంది. నీళ్ళలోంచి ఏదో లేచేసరికి నేను గోడతో కుస్తీ పడుతుంటాను. రెండో మెట్ల వరుస దగ్గర ఏడుసార్లు కూలిపోయాను. కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. ఆ మసక బొమ్మలు, గళ్ళుగళ్ళుగా ఉన్న ఆ మొహం, పక్క నుంచి జయపాల్ "వాని కుడి, వాని కుడి" అంటూ ఉండటం.

"ఇది ఆటనా? ఎద్దును గూడ ఇంతకన్నా బాగా తిప్పొచ్చు. ఇప్పుడెవరన్నా దీని మొగం చూస్తారా? అటక మీద నుంచి ఎందుకు దించినార్రా దీన్ని!" అన్నాను.

"ఇంకొక్క తూరి అన్నా. మెట్లు దాటితే చాలు. ఆడ్నుంచి నేను చెప్తా."

"బస్సుకు టయమైంది."

ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు బస్సులకు కొదవ లేదు. వాడికీ తెలుసు. ఆ రోజు డైరీలో నేను రాసింది ఇది: 'ఆట బాగా పాతబడింది. ఇక ఆడదగినది కాదు.' ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం వెళ్ళాను. ఆట మాట నేను ఎత్తలేదు. వాడూ ఎత్తలేదు. ఎండాకాలం మొదట్లో రెండోసారి పక్షవాతం వచ్చి వాడు పోయాడు.

కూడిక అయిన వారానికి శాంతి తన లాప్‌టాప్ తెచ్చి చూపించింది. అదే ఆటను ఇప్పుడు కొత్తగా చేసి అమ్ముతున్నారట. మాటలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. చూపు కోటప్ప వీపు వెనకే నడుస్తుంది. వేలితో ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. ఎడమ నొక్కితే తెర మీద ఎడమకే పోతాడు, ఎవరి ఎడమ అని అడగక్కర్లేదు. శాంతి నాలుగు రోజుల్లో ముగించేసింది. "పాత పద్ధతి కావాలంటే పెట్టుకునేకి ఇందులోనే ఉంది పెదనాయనా. ఎవరూ పెట్టుకోరు. నేను పెట్టి చూసినా, రెండు నిముషాలు" అంది. అద్దాల గది అవతల ఏముందో చూపిస్తానంది. వద్దన్నాను. జయపాల్ అడిగింది ఆ మిషను మీద, నా చేత్తో. నేను బాకీ పడ్డది అది.

అప్పటి నుంచి ఆదివారాలు గుడి ముగిశాక బస్సెక్కి వెళ్ళి, ఆ టీవీ ముందు పీట వేసుకుని కూర్చుంటున్నాను. ముందు డైరీని దిద్దుకుందామనుకున్నాను. ఎడమ ఉన్నచోట కుడి, కుడి ఉన్నచోట ఎడమ అని. కుదరలేదు. కోటప్ప వీపు చూపిస్తే నా రాత సరైనదే. మొహం చూపిస్తే తిరగబడుతుంది. పక్కకు నడుస్తుంటే నేను ఎడమ అన్నది వాడికి ముందుకో వెనక్కో అవుతుంది. ఒక్కో అడుగు దగ్గర వాడు ఎటు తిరిగి ఉన్నాడో తెలిస్తే తప్ప దిద్దలేను. అది నేను రాయలేదు. గడియారం రాశాను, తాళంచెవి రాశాను, అడుగులు లెక్కపెట్టి రాశాను. మనిషి ఎటు చూస్తున్నాడో ఒక్కచోట కూడా రాయలేదు. అది జయపాల్ వేళ్ళకు తెలుసు, ఆ వేళ్ళు సమాధిలో ఉన్నాయి.

పాతదే గొప్ప, ఇప్పటి పిల్లలకు ఓపిక లేదు అని నా తోటివాళ్ళు అంటుంటారు. ఈ విషయంలో నేను అలా అనలేను. ఆ ఆట చేసినవాళ్ళకే అప్పటికి ఇంకా బాగా చేయడం తెలియదు. చూపు కదపడం రాక ఒక మూలన నిలబెట్టారు. ఆ చూపుకు కనపడనిదాన్ని మేం భయం అనుకున్నాం. తెలిశాక మార్చుకున్నారు. శాంతి కొత్తది ఆడుతుంటే చూశాను. సుఖంగా, ఒరిగి కూర్చుని, నీళ్ళ మీద పడే వెలుగు బాగుందని ఆగి చూస్తూ ఆడింది. పాతది ఆడుతుంటే నాకు మెడ నొప్పి, తలనొప్పి తప్ప ఏమీ లేదు. అప్పట్లో మాత్రం అంత హాయిగా ఉండేదేమని ఎన్నో వారాలు ఆలోచించాను. ఆ తిప్పలు నా చేతిలో లేవు, అంతే. బెంచీ మీద కూర్చున్నవాడికి ఆ ఆటలో కష్టమేమీ లేదు. కష్టమంతా పీట మీదవాడు పడ్డాడు, పడుతున్నట్టు నాకు తెలియనివ్వలేదు.

పోయిన ఆదివారం కూడా రెండో మెట్ల దగ్గరే కూలిపోయాను. చేతిపలక కింద పెట్టి, టీవీ ఆపెయ్యమని శాంతితో అన్నాను. తను టీవీ మీట దాకా పోయి ఆగింది.

"నాయన ఉన్నప్పుడు ఇట్లే నువ్వొచ్చే టయానికి పెట్టమంటాన్యాడు" అంది.

"ఏం పెట్టమని?"

"ఇదే. నాతో మెట్లకాడికి నడిపిచ్చి, ఆడ నిలబెట్టమంటాన్యాడు. నేను నడిపిస్తాంటే తలుపులు తెరిచే మీట తాను కుడి చేత్తో నొక్కుతాండె. అర్ధగంట, ముప్పావుగంట పడ్తాండె ఇద్దరికీ. 'మొదట్నుంచీ అంటే మీ పెదనాయన ఇసుక్కుంటాడు, మెట్లకాడ్నుంచి అయితే పట్టుకుంటాడు' అంటాన్యాడు."

"నాకు చెప్పలేదే?"

"నీకు చెప్పమని నేనంటే, 'అడిగితే రాడుమే, కనపడితే వస్తాడు' అన్యాడు."

శాంతి నన్ను నొప్పించాలని అనలేదు. టీవీ ఆపి, గిన్నెలు సర్దడానికి వెళ్ళింది. నేను బస్సెక్కి నంద్యాల వచ్చి, భోజనానికి కూడా కూర్చోకుండా జయపాల్ చివరి నెలల డైరీలు తీశాను. బస్సుకు టయమైందని నేను చేతిపలకను కింద పెట్టిన రోజుకూ వాడు పోయిన రోజుకూ మధ్య పదకొండు ఆదివారాలు ఉన్నాయి. జయపాల్‌కు బీపీ మాత్రలు అయిపోయాయి. జయపాల్ సరిగా తినలేదు. జయపాల్‌కు కాలు వాచింది. అన్నీ రాసి ఉన్నాయి. వాటిలో నాలుగు ఆదివారాల పుటల్లో ఇంకొక వాక్యం ఉంది, కొంచెం అటూ ఇటూగా నాలుగుసార్లూ ఒకటే. 'ఎవరూ చూడకుండా టీవీ ఊరికే వెలుగుతోంది, తెర మీద పాత ఆట బొమ్మ. నేనే లేచి ఆపాను.' నాలుగుసార్లూ, ఆపిన వేళ కూడా రాసి ఉంది.